ఎనిమిదో ముక్క ఎవరిది?

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేటప్పుడు మా నాన్నగారు బజారులోని బేకరీ ముందు సైకిల్ ఆపేవారు. గాజు అద్దాల వెనుక గుండ్రంగా, బంగారు రంగులో మెరిసే దిల్‌పసంద్ ఒకటి కాగితంలో కట్టించి తెచ్చేవారు. రెండు పొరల మధ్య తీపి కొబ్బరి, ఎర్రటి, పచ్చటి తూటీఫ్రూటీ! ఆ ముక్కలు నిజానికి పంచదార పాకంలో ఊరిన పచ్చి బొప్పాయివని పెద్దయ్యాకే తెలిసింది. నాన్నగారు దాన్ని సమంగా ఎనిమిది ముక్కలు కోసేవారు. ఇంట్లో మేము ఏడుగురమే. ఎనిమిదో ముక్క ఆ వారం జబ్బు చేసి మందిరానికి రాలేకపోయిన వారెవరికో వెళ్లేది. మా కళ్లన్నీ దానిమీదే! ‘రాని వాళ్లకెందుకు నాన్నా?’ అని అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఈ మధ్య మనవరాలి కోరిక మీద దాన్ని ఇంట్లోనే చేశాం. రెండు కప్పుల మైదాలో చెంచాడు ఈస్ట్, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, కాస్త వెన్న వేసి, తగినన్ని గోరువెచ్చని పాలతో మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి గంటసేపు ఉంచాం. పిండి రెట్టింపు పొంగింది. కప్పు కొబ్బరి తురుము, అరకప్పు పంచదార, అరకప్పు తూటీఫ్రూటీ, కొంచెం కిస్మిస్, ఏలకుల పొడి కలిపి, రెండు గుండ్రని పొరల మధ్య పరిచి అంచులు నొక్కాం. పైన పాలు రాసి ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాం. ఇల్లంతా ఆ పాత ఆదివారాల వాసనే!

ఎనిమిది ముక్కలు కోయగానే మనవరాలు అడిగింది: ‘తాతయ్యా, మనింట్లో పనిచేసే అవ్వకు ఏ ముక్క?’ నా చేతిలో చాకు ఆగిపోయింది. ఆమె జ్వరంతో నాలుగు రోజులుగా పనికి రావడం లేదు. ఆ నాలుగు రోజుల జీతం పట్టుకోవాలని ఆ ఉదయమే నేను ఇంట్లో చెప్పాను.

ఆ రాత్రి 1 సమూయేలు 30వ అధ్యాయం తెరిచాను. అమాలేకీయులు సిక్లగును తగులబెట్టి, దావీదు భార్యలను, అతని మనుషుల భార్యాబిడ్డలను చెరపట్టుకుపోయారు. దావీదు 600 మందితో వారిని తరుముతుంటే బెసోరు వాగు దగ్గర 200 మంది అలసి ఆగిపోయారు. మిగిలిన వారికి పొలంలో ఒక ఐగుప్తీయుడు కనిపించాడు. జబ్బుపడ్డాడని అమాలేకీయుడైన యజమాని విడిచిపెట్టిన దాసుడతడు. మూడు రాత్రింబగళ్లుగా అన్నపానాలు లేవు. ప్రతి నిమిషమూ విలువైన ఆ సమయంలో దావీదు మనుషులు ఆగారు. ఎవరివాడవని అడగకముందే రొట్టె, నీళ్లు, అంజూరపు అడలో ఒక ముక్క, రెండు ద్రాక్షగెలలు ఇచ్చారు. అతడి ప్రాణం తెప్పరిల్లింది. శత్రువుల దగ్గరికి దారి చూపింది ఆ దాసుడే!

విజయంతో తిరిగొచ్చాక మరో పరీక్ష ఎదురైంది. వాగు దగ్గర ఆగిపోయిన వారికి వారి భార్యాబిడ్డలను తప్ప దోపుడు సొమ్ములో ఏమీ ఇవ్వకూడదని కొందరు పట్టుబట్టారు. దావీదు ఒప్పుకోలేదు. ఇది మనం సంపాదించుకున్నది కాదు, యెహోవా ఇచ్చినదన్నాడు. యుద్ధానికి వెళ్లినవాడికీ, సామాను దగ్గర ఉన్నవాడికీ సమాన వాటా అన్నాడు. అది ఇశ్రాయేలులో కట్టడ అయింది.

ఒకే అధ్యాయంలో రెండు లెక్కలున్నాయి. పనికి రానివాడిని వదిలేయమనేది అమాలేకీయుడి లెక్క. అంతా దేవుడిచ్చిందే గనుక బలహీనుడికీ వాటా ఉందనేది దావీదు లెక్క. ఏళ్ల తరబడి మందిరంలో ముందు వరుసలో కూర్చున్న నేను ఆ ఉదయం వేసింది అమాలేకీయుడి లెక్క! నాన్నగారి నవ్వుకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు మనవరాలి చెయ్యి పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. పొట్లంలో ఎనిమిదో ముక్క, కవరులో పూర్తి జీతం. ముక్క కోసింది నేనే అయినా, వాటా నిర్ణయించింది దేవుడు. మన ఇంటి బల్లమీద ఉన్న దేవుని దీవెనలో ఇంకా అందని వాటా ఎవరిదో, ఈ ఆదివారం కోసే ముందే లెక్క చూసుకుందాం.