గుండె దడ, చేతుల వణుకు - మూలం గొంతులో ఉండొచ్చు!



మన పల్లెల్లో వయసు పిల్లోళ్లకి గుండె దడ వచ్చినా, చేతులు వాటంతట అవే ఆడినా పెద్దోళ్లు మొదట అనేమాట "గాలి సోకింది" అని. తాయెత్తు కట్టి, వేపమండలతో దిగదుడుస్తారు. అంతలో నెలలు గడిచిపోతాయి. ఇలాంటి జబ్బుకు డాక్టర్లు కారణం ఎలా వెతుకుతారో తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ అనుకోండి. ఇరవై ఏళ్ల అమ్మాయి. గుట్ట ఎక్కితే ఆయాసం. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి మూతి వంకర పోయి, కుడిచెయ్యి పడిపోయింది. గుండె జబ్బు వేరు, నరాల జబ్బు వేరు అని మనం అనుకుంటాం. డాక్టరు మాత్రం "రెంటికీ ఒకే మూలం ఉందా?" అని ఆలోచిస్తాడు.

మొదట ప్రశ్నలు

ఎప్పుడు మొదలైంది? చిన్నప్పుడు జ్వరంతో మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాచాయా? తోటలో మందు కొట్టావా? రాత్రి నేలమీద పడుకున్నావా? ఈ ప్రశ్నలు ఊరికే అడగరు. పురుగుమందు ఒంట్లోకి పోతే నోట్లో చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, గుండె నెమ్మదించొచ్చు. కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా తెలీదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఇవన్నీ ఒక్కొక్కటే చూసి పక్కన పెడతారు.

తర్వాత పరీక్షలు

డాక్టరు స్టెతస్కోపు పెట్టి వింటాడు. దీన్ని 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు కనిపెట్టాడు. గుండెలో నాలుగు కవాటాలు తలుపుల్లాగా తెరుచుకుని మూసుకుంటాయి. తలుపు పాడైతే "లబ్ డబ్" మధ్యలో ఇంకో శబ్దం వినిపిస్తుంది. ఇ.సి.జి.లో గుండె లయ తప్పిందా అన్నది తెలుస్తుంది. ఎకో పరీక్షలో కవాటం ఆడేది తెరమీద కళ్లారా చూడొచ్చు. తలకు సి.టి. స్కాన్ తీస్తే మెదడులో రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా తేలుతుంది.

అసలు దొంగ ఎవరు?

ఇలాంటి జబ్బుకు మన దేశంలో ఒక ముఖ్యమైన కారణం కీళ్లవాత జ్వరం, అంటే రుమాటిక్ జ్వరం. ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిలకాయలకు వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది. దాంతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసిన సైన్యం, రెండు మూడు వారాల తర్వాత పొరపాటున మన కీళ్లమీద, గుండె కవాటాల మీద, మెదడు మీద పడుతుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది, కవాటం దెబ్బ మాత్రం మిగిలిపోవచ్చు. ఏళ్లు గడిచాక ఆ కవాటం ఇరుకై ఆయాసం వస్తుంది. గుండెలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం.

మెదడుకు దెబ్బ తగిలే దారి ఇంకొకటి ఉంది. గొంతు నొప్పి పోయిన కొన్ని నెలలకు చేతులు, ముఖం అదేపనిగా ఎగురుతుంటాయి. దీన్ని కొరియా అంటారు. 1686లో సిడెన్‌హామ్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని వర్ణించాడు. ఆడపిల్లల్లో ఎక్కువ. నిద్రలో ఆగిపోతుంది. డాక్టరు వేళ్లు పట్టుకోమంటే, పాలు పిండినట్టు ఒకసారి బిగించి ఒకసారి వదులుతారు. చేతిరాత చెడిపోతుంది, గ్లాసు జారిపోతుంది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. అయినా ఎకో తప్పక తీయించాలి. అందుకే బాగా రాసేవాళ్ల చేతిరాత ఉన్నట్టుండి పాడైతే ఎగతాళి చేయొద్దు. సారుకు చెప్పండి.

వైద్యం ఉంది

ఒకసారి ఈ జ్వరం వచ్చినవాళ్లకు మూడు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తారు. పడుతుందో లేదో చూసి, ఆసుపత్రిలోనే వేస్తారు. ఏళ్ల తరబడి వేసుకోవాలి. "బాగయ్యాను కదా" అని మధ్యలో మానితే జ్వరం మళ్లీ వచ్చి కవాటం ఇంకా పాడవుతుంది. ఇరుకైన కవాటాన్ని చాలాసార్లు ఛాతీ కోయకుండా బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిన్నపిల్లల గుండె వైద్యానికి 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం మొదలైంది.

మనం చేయాల్సింది

హాస్టల్లో పక్కపక్కనే పడుకుంటాం, కాబట్టి గొంతు నొప్పి తొందరగా అంటుకుంటుంది. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు వాడొద్దు. జ్వరంతో గొంతు నొప్పి వస్తే ఏ.ఎన్.ఎం. అక్కకు చూపించండి. డాక్టరు బిళ్లలు రాస్తే చెప్పినన్ని రోజులూ మింగండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు.

గొంతు నొప్పే కదా అని వదిలేయొద్దు. గొంతును కాపాడితే గుండెను కాపాడినట్టే!