కెవిఎం స్విచ్

కెవిఎం స్విచ్ అనగా ఒకే కీబోర్డు, మానిటరు, మౌసులను రెండు లేక అంతకు మించిన కంప్యూటర్లకు పంచి ఇచ్చు పరికరము. కీబోర్డు, వీడియో, మౌస్ అను ఆంగ్ల పదముల తొలి అక్షరములనుండి ఈ పేరు ఏర్పడినది. తెలుగునాట దీని అవసరము డీటీపీ పనిలో బాగా తెలియును. పేజ్‌మేకరు, అను ఫాంట్లు ఉన్న పాత విండోస్ ఎక్స్‌పి కంప్యూటరును వదులుకొనలేక, ఇంటర్నెట్టు పనులకు మరొకటి కొన్నవారు బల్లపై చోటు చాలక రెండింటికీ ఒకే తెరను వాడవలసి వచ్చును.

తెర ఆగిపోయినపుడు

గణపవరంలో ఒకరు శుభలేఖను అచ్చుకు సిద్ధము చేయుచున్నారనుకొందము. స్విచ్ మార్చి తిరిగి వచ్చుసరికి తెర నల్లబడినది. వెంటనే పవరు బటను నొక్కరాదు. తెర పోయినంత మాత్రమున కంప్యూటరు పోయినట్లు కాదు. నొక్కినచో భద్రపరచని పని అంతయు పోవును. యుఎస్‌బి కీబోర్డును స్విచ్‌నుండి తీసి నేరుగా కంప్యూటరుకు తగిలించి నమ్ లాక్ నొక్కి చూడవలెను. దీపము వెలిగి ఆరుచున్నచో లోపల పని నడచుచున్నట్లే. ఫైలుకు అప్పటికే పేరు పెట్టియుండి, అదే ముందున్నచో కంట్రోల్+ఎస్ చీకటిలో కూడా పనిచేయును. (పాత పిఎస్/2 కీబోర్డును మాత్రము కంప్యూటరు నడచుచుండగా ఊడదీయరాదు.)

తరువాత మానిటరు కేబులును నేరుగా కలుపవలెను. బొమ్మ వచ్చినచో లోపము స్విచ్‌లోనో కేబులులోనో ఉన్నది. రానిచో విండోస్ 10, 11లలో విండోస్+కంట్రోల్+షిఫ్ట్+బి నొక్కిన గ్రాఫిక్స్ డ్రైవరు తిరిగి మొదలగును. ఎక్స్‌పిలో ఈ సౌకర్యము లేదు.

కారణములు

ముఖ్య కారణము ఈడిఐడి. మానిటరు తన కొలతలను, తాను చూపగల రిజల్యూషన్లను కనీసము 128 బైట్ల సమాచారముగా కంప్యూటరుకు తెలుపును. చవక స్విచ్‌లు పక్క కంప్యూటరుకు మారగానే ఈ సంబంధమును తెంచివేయును. మానిటరును ఊడదీసినారని భావించిన కంప్యూటరు కిటికీలను చెల్లాచెదరు చేయును, లేదా రిజల్యూషను తగ్గించును. డ్రైవరు బలహీనమైనచో కూలిపోవును. ఈడిఐడిని తానే గుర్తుంచుకొని రెండు కంప్యూటర్లకూ చూపు స్విచ్ దీనికి మందు. మానిటరుకు రెండు ఇన్‌పుట్లు ఉన్నచో తెరను స్విచ్‌తో ముడిపెట్టకుండా, కీబోర్డు, మౌసులను మాత్రమే పంచుకొనుట ఇంకను మేలు, ఖర్చు కూడా తక్కువ.

విండోస్ విస్టా (2007) నుండి గ్రాఫిక్స్ సుమారు 2 సెకనులు బదులీయనిచో సిస్టమే డ్రైవరును తిరిగి ప్రారంభించును. ఈ సంగతి ఈవెంట్ వ్యూయరులో నమోదగును. కీబోర్డు, మౌసు మాటిమాటికి తెగిపోవుచున్నచో అది వేరు జబ్బు: యుఎస్‌బి 2.0 పోర్టు ఇచ్చునది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే కనుక, స్విచ్‌కు విడిగా అడాప్టరు పెట్టవలెను.

సాఫ్ట్‌వేరుతో

రెండు తెరలు ఉన్నవారు సినర్జీ, ఇన్‌పుట్ లీప్ వంటి ప్రోగ్రాములతో నెట్‌వర్కు ద్వారా కీబోర్డు, మౌసులను పంచుకొనవచ్చును. లినక్సులో తెర కూలిపోయినచో కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి అక్షరముల తెరకు పోయి, ఎక్స్ సర్వరు లాగ్ ఫైలు చూడవలెను.

తెలుగు టైపింగు

కీబోర్డు పంపునది మీట సంకేతమును మాత్రమే. దానిని తెలుగు అక్షరముగా మార్చునది కంప్యూటరు. కావున కెవిఎం స్విచ్ వాడినను ఇన్‌స్క్రిప్టును గాని అను స్క్రిప్ట్ మేనేజరును గాని ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరులోనే అమర్చుకొనవలెను.