చలిపొద్దున చెరువుగట్టు షికారు

నార్వేలో చలికాలపు సెలవులకు పిల్లాపాపలతో కాళ్ళకు స్కీ పలకలు కట్టుకుని మంచుమీద మైళ్ళకొద్దీ సాగిపోతారు. మనకా మంచు లేదు గాని, 1550-1580 నడుమ గోలకొండనేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరున్న మన ఇబ్రహీంపట్నానికి పెద్దచెరువుంది. ఆదివారం పొద్దున్నే గట్టెక్కండి. నీళ్ళపైన పొగలా లేస్తుందే, అది రాత్రి చల్లబడ్డ గాలి వెచ్చని నీటిని తాకడంవల్లే.

పిల్లలకు ఒక్క మందపాటి స్వెట్టరుకన్నా రెండు మూడు పలుచని చొక్కాలు మేలు. నడుమ చిక్కిన గాలే వెచ్చదనం నిలుపుతుంది; స్కీ వాళ్ళు చేసేదీ ఇదే. తడిసిన బట్ట మాత్రం వెంటనే మార్చాలి. పోయినేడు మా చిన్నాడు మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, ఇల్లు చేరేదాకా వణికాడు. మారుజత మరిచింది నేనే! వణుకు ఆగి, బిడ్డ మాట తడబడి మత్తుగా ఉంటే అది తగ్గడం కాదమ్మా, ముదరడం. పొడిబట్టలు చుట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

జొన్నరొట్టెలు రాత్రే చేసుకోండి. మూట కట్టడం మాత్రం ఈసారి ఇంటాయనకు అప్పజెప్పండి.