నడుము నొప్పికి శస్త్రచికిత్స అవసరమా?

నడుము నొప్పి ఎరుగని మనిషి అరుదు. బరువు ఎత్తినప్పుడు పట్టుకొన్న నడుము చాలమందికి కొద్ది వారాలలో దానంతట అదే సర్దుకొంటుంది. కాని నొప్పి నిలిచిపోయి, పరీక్షలో “డిస్కు జారింది” అని తేలితే రోగికి, ఇంటివారికి బెంగ పట్టుకొంటుంది. ఆపరేషను చేయిస్తే కాళ్ళు పడిపోతాయేమో, చేయించకపోతే పడిపోతాయేమో అని రెండు విధాల భయం.

వెన్నెముకలో పూసకు పూసకు నడుమ మెత్తవలె పనిచేసే బిళ్ళ ఉన్నది. ఇదే డిస్కు. ఇటువంటివి మొత్తం 23. బిళ్ళ అంచు ఉల్లిపాయ పొరలవలె చుట్టుకొన్న గట్టి నారలతో ఏర్పడినది. లోపల నీరు అధికంగా గల గుజ్జు ఉంటుంది. వయస్సుతో ఆ నీరు తగ్గి, అంచులో పగుళ్ళు ఏర్పడుతవి. పగులు గుండా గుజ్జు వెలికి వచ్చి నరాన్ని ఒత్తితే, పిరుదు నుండి పాదం దాక సలుపు దిగుతుంది. దీనినే సయాటికా అంటారు. నిజానికి “జారింది” అనే మాట అంత సరియైనది కాదు. బిళ్ళ తన చోటనే ఉంటుంది. వెలికి వచ్చేది లోపలి గుజ్జు.

బోస్టన్ నగరంలోని మిక్‌స్టర్, బార్ అనే శస్త్రవైద్యులు 1934లో ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపారు. అంతకు పూర్వం ఆ గుజ్జు ముద్దలను కంతులుగా భావించేవారు. ముద్దను తొలగిస్తే నరంపై ఒత్తిడి పోతుంది. కనుక ఈ ఆపరేషను కాలిలోకి దిగే సలుపుకు బాగా పనిచేస్తుంది. నడుములోనే నిలిచిన నొప్పికి అంత నమ్మకంగా పనిచేయదు. ఈ భేదం తెలియకనే చాలమంది నిరాశ చెందుతారు. పూసలను ఒకటిగా అతికించే ఆపరేషను మరొకటి ఉన్నది. పూస విరిగినప్పుడు, స్థానం తప్పినప్పుడు దాని అవసరం కలుగవచ్చును. అయితే దీర్ఘకాలపు నడుము నొప్పికి అది గట్టి వ్యాయామ శిక్షణ కంటె మేలని, బ్రిటనులో 349 మందిపై జరిపి 2005లో ప్రకటించిన పరిశీలనలో స్పష్టంగా తేలలేదు.

ఎమ్‌.ఆర్‌.ఐ. చిత్రాన్ని మాత్రమే చూచి భయపడరాదు. నడుము నొప్పి లేని 98 మందికి అమెరికాలో ఈ పరీక్ష జరిపి 1994లో ఫలితాలు ప్రకటించారు. వారిలో సగం మందికి పైగా కనీసం ఒక బిళ్ళ ఉబ్బి ఉన్నది! చిత్రంలోని లోపం, రోగి చెప్పే బాధ, వైద్యుడు కాలిని పరీక్షించి గుర్తించినది, ఈ మూడూ ఒకే నరాన్ని సూచించాలి.

నరం ఒత్తుకొన్నదని తేలినా తొందర పడాలా? ఆరు నుండి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడే 283 మందిని నెదర్లాండ్స్‌లో రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు త్వరగా ఆపరేషను, మరొక జట్టుకు వేచి చూచే చికిత్స. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి జట్టువారు సుమారు 4 వారాలలో, రెండవ జట్టువారు 12 వారాలలో కోలుకొన్నారు. ఏడాది ముగిసేసరికి రెండు జట్లలోను నూటికి 95 మంది కోలుకొన్నారు. అయితే వేచియున్నవారిలో నూటికి 39 మందికి ఆ లోపల ఆపరేషను చేయవలసి వచ్చినదని మరువరాదు. తక్కినవారికి కత్తి లేకనే ఎట్లా తగ్గింది? వెలికి వచ్చిన గుజ్జును శరీరంలోని భక్షక కణాలు క్రమంగా హరించివేస్తవి. ముద్ద కుంచించుకుపోతుంది, నరపు వాపు దిగుతుంది.

వేచి ఉండటమంటే మంచం పట్టడం కాదు. అమెరికాలో 203 మందిపై జరిపిన పరిశీలనలో (1986), ఏడు రోజులు పడుకోమన్నవారి కంటె రెండు రోజులు పడుకోమన్నవారే పనికి తక్కువ రోజులు దూరమైనారు. నొప్పి తగ్గించే మందులు, నడక, వ్యాయామం ఈ కాలంలో ముఖ్యం.

వేచి చూడరాని స్థితి ఒకటి ఉన్నది. వెన్నుపాము నడుము పైభాగాననే ముగిసి, ఆ దిగువన గుర్రపు తోకవలె నరాల కుచ్చు ఉంటుంది. పెద్ద ముద్ద ఆ కుచ్చునంతా నొక్కితే మూత్రం బంధించుకుపోతుంది, లేదా తెలియకనే పోతుంది. మర్మావయవాల చుట్టూ స్పర్శ మొద్దుబారుతుంది. రెండు కాళ్ళూ బలహీనపడవచ్చును. అటువంటి రోగిని వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. ఆలస్యమైతే మూత్రంపై అదుపు తిరిగి రాకపోవచ్చును.