ఏటి ఒడ్డున ఏరుమద్ది
బెరడు కన్నా ఆకుతోనే ఆదాయం

టెల్కో కాలనీ (జంషెడ్‌పూర్): చెమ్మ ఆరని వాగు గట్లపై ఏ చెట్టు నాటాలన్న ప్రశ్నకు జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతం ఏనాడో సమాధానం కనుగొన్నది. అదే తెల్లమద్ది. ఏటి ఒడ్డున సహజంగా పెరిగే ఈ చెట్టును తెలుగువారు ఏరుమద్ది అని కూడా అంటారు. హిందీలో దీని పేరు అర్జున్.

జంషెడ్‌పూర్ నిర్మాణానికి ముందే, వీధుల వెంట నీడ చెట్లు నాటాలని 1902లో జంషెడ్‌జీ టాటా తన కుమారునికి లేఖ రాశారు. 1945లో స్థాపితమై, 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకున్న టెల్కో ఉద్యోగుల కాలనీ ఈ నగరంలోనిదే. అయితే నగరం దాటి ఖర్సావాన్, చాయిబాసాల వైపు వెళితే మద్ది చెట్టు ఇచ్చేది నీడ ఒక్కటే కాదని తెలుస్తుంది. దీని ఆకు దసలి పట్టుపురుగులకు ఆహారం. దసలి పట్టు ఉత్పత్తిలో దేశంలో జార్ఖండ్‌దే ప్రథమ స్థానం. ఈ రంగంలో పరిశోధనకు, శిక్షణకు 1964లోనే రాంచీలో కేంద్ర సంస్థ ఏర్పాటైంది.

మల్బరీ పురుగుల వలె దసలి పురుగులను ఇంట్లో పెంచరు. చెట్టు మీదనే వదిలి, పక్షుల నుంచి, చీమల నుంచి కాపాడాలి. అడవిలోని ఎత్తైన చెట్లపై ఈ కాపలా కష్టం. ఊరి పక్క వాగు గట్టున మద్ది నాటి, కొమ్మలు కత్తిరిస్తూ పొట్టిగా పెంచితే శ్రమ తగ్గుతుంది, అడవిపై భారమూ తగ్గుతుంది. గోదావరి తీరాన మహదేవ్‌పూర్ ప్రాంతపు దసలి రైతులకూ ఇది వర్తిస్తుంది.

వేసవిలో ఈ చెట్టు లేత పసుపు కంకులు పూస్తుంది. అయిదు రెక్కల కాయలు మరుసటి వేసవికి పండుతాయి. రాలిన కాయలను కొద్ది రోజులు నీటిలో నానబెట్టి, తొలకరికి ముందు నారుమడిలో విత్తాలి. మొలకకు వారాలు పడుతుంది. ఏడాది మొక్కలను వానల ఆరంభంలో లోతైన ఒండ్రు నేలలో నాటి, మొదటి రెండేళ్లు పశువుల నుంచి కాపాడాలి.

ఆయుర్వేదంలో గుండె జబ్బులకు వాడే మద్ది బెరడుకు గిరాకీ ఉన్నది. ఆ ఆశతో మాను చుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు ఎండిపోతుంది. బెరడు ఒక్కసారి సొమ్ము తెచ్చి చెట్టునే మింగుతుంది. ఆకు మాత్రం ఏటా పట్టుకాయలనిస్తుంది, గట్టు మట్టి కొట్టుకుపోకుండా వేరు నిలుపుతుంది.