రాతికొక వైద్యం, సున్నానికొక వైద్యం

పాత కట్టడం బీటలు వారిందనగానే మనవాళ్లకు మొదట గుర్తుకు వచ్చేది సిమెంటు బస్తా. నాలుగు తట్టలు మెత్తి, పైన రంగు పులిమితే జీర్ణోద్ధరణ అయిపోయినట్లే! కాని మనిషికి వలెనే కట్టడానికీ ఒంటితత్వం అనేది ఒకటున్నది.

పటమటకు మొగల్రాజపురం ఎంతో దూరం లేదు. అక్కడి కొండలో తొలిచిన అయిదు గుహాలయాలు పదమూడు, పదిహేను వందల ఏళ్లనాటివి. గుహకు పునాది లేదు, గోడ లేదు, కొండే కట్టడం. దాని శత్రువు నీరు. వాననీరు రాతి పొరల్లోకి దిగి, లోపలి ఉప్పును పైకి తెస్తుంది. ఆ ఉప్పు గట్టిపడినప్పుడల్లా శిల్పం మీది పొర పెచ్చులుగా రాలుతుంది. చెట్టు వేరు చేరితే చెప్పనే అక్కరలేదు. కనుక ఇక్కడ వైద్యం గుహ లోపల కాదు, గుహ నెత్తిన చేయాలి. నీటికి వేరే దారి చూపాలి. లోపల సిమెంటు పూస్తే నీరు బయటికి రాలేక మరింత లోతుగా కొరుకుతుంది.

నాగార్జునసాగర్ నీటిలో మునగబోయిన ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండమీదా అనుపులోనూ మరల నిలబెట్టినారు. ఇటుకా రాయీ పేర్చిన కట్టడాలు కనుక సాధ్యమైనది. మొగల్రాజపురం గుహను ఎవరు ఎక్కడికి మోసుకొని పోగలరు? కేంద్రం రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం కూడదనీ, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలనీ 1958 నాటి చట్టానికి 2010లో సవరణ తెచ్చినారు. ఊరు మాత్రం కొండ పాదాల దాకా వచ్చి కూర్చున్నది.

సున్నపు కట్టడాల సంగతి వేరు. ఇసుకా, ఇటుక పొడీ కలిపి ఎద్దులచేత గానుగ ఆడించి, బెల్లపు నీరూ కరక్కాయ రసమూ పోసి మాగబెట్టిన సున్నం అది. తడిని పీల్చుకొంటుంది, ఎండకు విడిచిపెడుతుంది. దానిమీద సిమెంటు పూయడం ఉక్కపోతలో కంబళి కప్పడమే. కొద్ది ఏళ్లకే గోడకు ఉప్పు పూస్తుంది, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. సిమెంటు చెడ్డదని కాదు. 1957 నాటి ప్రకాశం బరాజ్‌కు అదే తగినది.

సున్నానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. 1797లో కర్నల్ మెకంజీ అమరావతి స్తూపాన్ని చూచి, 1816లో మరల వచ్చేసరికి ఎన్నో పలకలు మాయమైనవి. కొన్ని మెట్లకూ గోడలకూ పోగా, కొన్నింటిని కాల్చి సున్నం చేసినారు! మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసుకూ లండనుకూ చేరినవి.

ఇక ఏ పట్టికకూ ఎక్కనివి డెల్టా గ్రామాల మండువా లోగిళ్లు. వాటి టేకు స్తంభాలకు బేరగాళ్లున్నారు గాని, పెంకు జారితే సర్దే మనిషి దొరకడం కష్టం. మరమ్మతు తలపెట్టినవారు ముందు గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకాలి. కూల్చక తప్పనివారు గడ్డపార దించేముందు ఇంటి కొలతలు తీయించి, నాలుగు వైపులా ఫోటోలైనా తీసి దాచాలి.