శనివారం సెలవే, మరి ఏం చేద్దాం?

ఏమ్మా, శనివారాలు ఎలా గడుపుతారంటే "కలిసే ఉంటాం తాతయ్యా" అంటావు. సోఫాకి ఆ చివర మీ ఆయన, ఈ చివర నువ్వు, ఎవరి ఫోను వాళ్ళది! డెన్నిస్ ఆర్థ్‌నర్ అనే పరిశోధకుడు 1975లోనే తీరిక వేళల్ని మూడుగా విడదీశాడు: ఒంటరిగా గడిపేవి, పక్కపక్కనే ఉండి ఎవరి మానాన వాళ్ళు గడిపేవి, ఇద్దరూ చెయ్యి వేస్తేగానీ సాగనివి. మీది రెండో రకం.

మూడో రకం మీద అమెరికాలో ఆర్థర్ ఏరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భలే తమాషా చేశాడు. మొగుడూ పెళ్ళాల మణికట్లూ చీలమండలూ పట్టీలతో కలిపి కట్టి, మధ్యలో ఓ దిండు పెట్టాడు. దాన్ని చేత్తో ముట్టకుండా, ఇద్దరి మధ్యా అదిమిపెట్టి, పాకుతూ అడ్డం దాటి తిరిగి రావాలి, అదీ గడువులోగా! మన బళ్ళో ఆగస్టు పదిహేనుకి పెట్టే మూడుకాళ్ళ పందేనికి పెద్దన్న అనుకో. ఇంకొన్ని జంటలకు నిదానంగా బంతి దొర్లించే చప్పటి పని ఇచ్చాడు. ఆటకు ముందూ తర్వాతా కాపురం గురించి ప్రశ్నలడిగితే, పాకినవాళ్ళకే తృప్తి ఎక్కువ పెరిగింది. ఆట ఏడు నిమిషాలే! 2000లో అచ్చయింది.

ఎందుకంటావా? పెళ్ళైన కొత్తలో ఒకరి గురించి ఒకరికి రోజూ ఏదో తెలుస్తుంది. పోనుపోను అది తగ్గుతుంది. ఇద్దర్నీ కలిపి తడబరిచే పని ఆ కొత్తదనాన్ని మళ్ళీ తెస్తుందని ఏరన్ వాదన.

అలాగని కలిసి ఏదో ఒకటి చేస్తే చాలదు. 2002 నాటి మరో అధ్యయనంలో, భర్తకి ఇష్టమై భార్యకి నచ్చని కాలక్షేపాలు ఎక్కువైన ఇళ్ళలో భార్యలకే అసంతృప్తి ఎక్కువని తేలింది. ఐపీఎల్ రోజున ఆవలించే నీకు వేరే చెప్పాలా!

మీ సింగపూర్‌లో 2004లో ప్రభుత్వోద్యోగులకు అయిదు రోజుల వారం ప్రకటించారు. అదే ఏడాది మెక్‌రిచీ అడవిలో చెట్ల తలల మీదుగా 250 మీటర్ల వేలాడే వంతెన తెరిచారు. రెండిటికీ సంబంధం లేదులే, నాకే కలిపి చెప్పాలనిపిస్తుంది. ఇద్దరూ కలిసి ఆ వంతెన మీద నడిచి రండి. సోమవారం మూసేస్తారు. కోతులుంటాయి, జంతికల సంచీ చేత పట్టుకోకు. మీ ఆయనకి ఎత్తంటే భయమేమో ముందే కనుక్కో, సగంలో వెనక్కి తిరగనివ్వరు. భయమంటే అక్కడి తెలుగు సమాజం వాళ్ళ ఉగాది ఉంది కదా, వంటసాయానికి ఇద్దరూ పేర్లివ్వండి.